గారమాండ్ ముద్రాక్షరముల కర్తృత్వ విచారము

కర్తృత్వ వివాదములు మన సాహిత్యమునకు క్రొత్తవి కావు. రంగనాథ రామాయణమునకు పేరు రంగనాథునిది. గ్రంథములో కర్తగా కనబడువాడు గోన బుద్ధారెడ్డి. క్రీడాభిరామము వినుకొండ వల్లభరాయని దనువారును, శ్రీనాథుని దనువారును కలరు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు రెండవ పక్షమును గట్టిగా సమర్థించిరి. ఇట్టి చర్చలలో తలలు నెరసిన పండితులు సైతము, తాము చదువుచున్న పుటలోని ముద్రాక్షరములకును కర్త యొకడుండునని, ఆ కర్తృత్వమును తారుమారు కావచ్చునని తలపరు. అట్లు తారుమారైన అక్షరములలో మిక్కిలి ప్రసిద్ధములు గారమాండ్ అక్షరములు. వాని కర్తను నిర్ణయించిన వ్యాసమొకటి కలదు. దాని పద్ధతిని, ఫలితమును, పరిమితిని పరిశీలించుట మా యుద్దేశము.

1926లో ఇంగ్లండున ‘ఫ్లూరాన్’ అను ముద్రణకళా పత్రిక అయిదవ సంచికలో ఈ వ్యాసము పాల్ బోజాన్ అను పేర వెలువడినది. పాల్ బోజాన్ అను పురుషుడు లేడు. వ్యాసకర్త్రి బీట్రిస్ వార్డ్ అను అమెరికా యువతి. అప్పటి కామెకు మూడుపదులు నిండలేదు. ఇతరుల కర్తృత్వమును తేల్చిన వ్యాసమే మారుపేరుతో రావలసివచ్చుట విచిత్రము. మరుసటి యేట ఇంగ్లండు మోనోటైప్ కంపెనీవారు బోజానుగారిని తమ పత్రికా సంపాదకత్వమునకు ఆహ్వానించి, వచ్చినది స్త్రీ యగుట చూచి విస్తుపోయిరని ప్రసిద్ధి.

సీసపు టైపుల కాలమున అక్షరశిల్పి పని కాగితముమీద బొమ్మ గీయుట కాదు. ఉక్కుకడ్డీ కొనపై అక్షరమును ఎదురుతిరిగిన రూపమున చెక్కి, కడ్డీని కాల్చి గట్టిపరచి, రాగిబిళ్లపై మోదవలెను. చెక్కిన కడ్డీ పంచి. దాని గుర్తు దిగిన రాగిబిళ్ల మాతృక. మాతృకను పోత అచ్చున అమర్చి కరగిన లోహమును పోసినచో టైపు వచ్చును. తాళపత్ర పరిష్కర్తలమగు మనకు మాతృక యనగా ఏ ప్రతిని చూచి మరియొక ప్రతి వ్రాయబడెనో ఆ ప్రతి. రెండర్థములకును దూరము లేదు. భేదమెచ్చట ననగా, తాళపత్ర లేఖకుడు ప్రతి తుదిని తన పేరును, ఊరును, సంవత్సరమును తరచుగా చెప్పుకొనును. ఉక్కుపంచి తన్ను చెక్కిన చేతి పేరు చెప్పదు. అది చేతులు మారినకొలది అమ్మినవాని మాటయో, కొన్నవాని గొప్పయో దానికి చరిత్రగా చెలామణి యగును.

క్లాడ్ గారమాండ్ 16వ శతాబ్దమున పారిస్ నగరమునందు పంచులు చెక్కి జీవించినవాడు. మొదటి ఫ్రాన్సిస్ రాజు కొరకు అతడు చెక్కిన గ్రీకు అక్షరములు సుప్రసిద్ధములు. 1561లో అతడు మరణించిన పిమ్మట పనిముట్లు విక్రయింపబడెను. ఆంట్‌వెర్ప్ ముద్రాపకుడు క్రిస్టఫర్ ప్లాంటిన్ కొన్న పంచులు నేటికిని ఆ నగరమున ప్లాంటిన్-మోరెటస్ ప్రదర్శనశాలలో భద్రముగా నున్నవి. 1592లో ఫ్రాంక్‌ఫర్టునందలి ఎగెనాల్ఫ్-బెర్నర్ టైపుశాలవారు ప్రకటించిన నమూనాపత్రమున రోమన్ అక్షరములు గారమాండువని, ఇటాలిక్ అక్షరములు రాబర్ట్ గ్రాంజనువని పేర్లు పెట్టి మరీ చూపిరి. ఇంత సాక్ష్యముండగా లోకము వేరొకని అక్షరములను చూపి గారమాండువనెను.

ఆ భ్రాంతి పారిస్‌లోనే పుట్టినది. 1640లో స్థాపితమై, తరువాత జాతీయ ముద్రణాలయముగా పేరు మారిన రాజముద్రణాలయమున పూర్వపు మాతృకలు కొన్ని చిరకాలము మరుగున బడియుండి 19వ శతాబ్దమున వెలుగు చూచెను. అవి సొగసైనవి, ప్రాచీనములు, రాజసంస్థకు చెందినవి. రాజునకు అక్షరములు చెక్కినవాడు గారమాండ్. కావున ఇవియు గారమాండువే యని నిర్ణయించిరి. హేతువుండవలసిన తావున గౌరవము కూర్చున్నది. మన చాటుపద్యముల కథయు ఇంతే గదా! రసవంతమైన పద్యమొకటి దిక్కులేక కనబడినచో శ్రీనాథునికో, తెనాలి రామకృష్ణునికో అప్పగించి చేతులు దులుపుకొందుము. ఆ మాతృకల టైపునకు 20వ శతాబ్దారంభమున ఖ్యాతి పెరిగినది. అమెరికన్ టైప్ ఫౌండర్స్ కంపెనీలో 1917 ప్రాంతమున మోరిస్ ఫుల్లర్ బెంటన్, పిదప లాన్‌స్టన్ మోనోటైప్ కొరకు ఫ్రెడరిక్ గౌడీ, 1922లో ఇంగ్లండు మోనోటైప్ వారు వానిని అనుసరించి క్రొత్త టైపులు సిద్ధము చేసిరి. గౌడీ మాత్రము చివరి హల్లు మార్చి గారమాంట్ అనెను; వ్యక్తి మాత్రము మారలేదు.

బీట్రిస్ వార్డ్ తొలుత పై అమెరికన్ కంపెనీ గ్రంథాలయమున ఉద్యోగిని. ఆ గ్రంథాలయాధికారి హెన్రీ బుల్లెన్ తమ కంపెనీ గారమాండును గూర్చి ఆమెతో ఒక సందేహము వెలిబుచ్చెను: ఈ టైపుతో అచ్చుపడిన 16వ శతాబ్దపు పుస్తకము తన కెన్నడును కనబడలేదని. మన శాస్త్రకారుల పరిభాషలో ఇది అనుపలబ్ధి. కనబడకపోవుట మాత్రముచేత ఒకటి సిద్ధింపదు. కాని చూడదగిన చోట్లన్నిటను చూచిన వానికి కనబడకపోవుట విచారణకు చాలినంత కారణము. ఆ సందేహమును మనసున నుంచుకొని ఆమె ఐరోపాకు వచ్చి, బ్రిటిష్ మ్యూజియమున పాతపుస్తకములు తిరుగవేయుచుండగా, సెడాన్ పట్టణమున అచ్చయిన పుటలలో ఆ యక్షరములు కనబడెను. ముద్రాపకుడు జీన్ జానన్, ప్రొటెస్టెంటు మతస్థుడు, సెడాన్ విద్యాపీఠమునకు ముద్రాపకుడు. పిమ్మట పారిస్‌లో మజరీన్ గ్రంథాలయమున జానన్ 1621లో ప్రకటించిన నమూనాగ్రంథము లభించినది. అక్షరములు నూతనముగా చెక్కబడినవని దాని పేరే చెప్పుచున్నది. గారమాండ్ మరణించి అప్పటికి అరువది యేండ్లు.

ఈ వ్యాసమునందు మాకు మిక్కిలి విలువైనదిగా తోచునది ఫలితము కాదు, మార్గము. ఆమె వంశకథలను నమ్మలేదు, సంస్థల ఘనతను లెక్కింపలేదు. పుటలను ప్రక్కప్రక్కన నుంచి అక్షరమును అక్షరముతో పోల్చెను. ఓర్పుతో చూచినవారి కెవ్వరికైనను భేదము తెలియును. జానన్ టైపున ఎమ్, ఎన్, ఆర్ అక్షరముల తలకట్టు ముక్కులు నిటారుగా లేచి, లోపలికి గోకినట్లు వంపు తిరిగియుండును. ఏ అక్షరపు బొడిపె చిన్నదై కొసదేరియుండును. ఇటాలిక్ అక్షరములు ఒకే కోణమున వాలవు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వాలుటచే పంక్తియందు ఒక చిందులాట కనబడును. గారమాండ్ రోమన్ అక్షరములందు ఈ మెరపు లేదు. అవి నెమ్మదిగా, సమముగా నిలిచినవి.

జానన్ పూర్వ ఫ్రెంచి శిల్పుల రీతినే అనుసరించెను గనుక ‘గారమాండ్’ అనునది వ్యక్తినామము గాక రీతినామముగా గ్రహింపరాదా యని కొంద రందురు. ఈ పక్షము మాకు సమ్మతము కాదు. రీతి ననుసరించుట వేరు, కర్తయగుట వేరు. తిక్కనను అనుసరించినంత మాత్రమున ఎఱ్ఱన గ్రంథమును తిక్కనకు చేర్పము. అదిగాక, పై వర్ణనలోని చిందులాట జానన్ స్వంతసొత్తు. నేటి పుస్తకములలో గారమాండును మెచ్చుకొనువారు పలువురు నిజముగా మెచ్చుకొనునది దానినే.

అయితే ఈ వ్యాసముతో సర్వమును తేలినదని తలపరాదు. ఒక కొసను ఆమె గట్టిగా బిగించినది. రెండవ కొస వదులుగానే మిగిలినది. 1530 ప్రాంతమున రాబర్ట్ ఎస్తియెన్ వాడిన అందమైన రోమన్ టైపు గారమాండుదే యను నమ్మకము ఈ వ్యాసమువలన కదలలేదు. తరువాతి కాలమున హెండ్రిక్ వెర్‌ఫ్లీట్ వంటి పరిశోధకులు దానిని గారమాండునుండి వేరుచేసిరి. జానన్ మాతృకలను రిషెల్యూ మంత్రి మనుషులు మతద్వేషముచే జప్తు చేసికొనిపోయిరను కథయు చిరకాలము చెల్లినది. 1641లో రాజముద్రణాలయము వానిని జానన్ నుండి కొనినట్లు ఒప్పందపత్రము చెప్పుచున్నది. జప్తుకథ రుచిగా నుండుటచే కాబోలు, ఇంకను కొన్ని పుస్తకములను విడువలేదు.

ఫలితము బయటపడిన పిమ్మట పేర్లు చక్కబడినవా? చక్కబడలేదు సరికదా, మరింత చిక్కుపడినవి. 1928లో జార్జ్ జోన్స్ పర్యవేక్షణమున లినోటైప్ వారు తెచ్చిన రోమన్ టైపు నిజముగా గారమాండ్ ననుసరించినది. దానికి పెట్టిన పేరు గ్రాంజన్. 1967లో యాన్ చికోల్డ్ తీర్చిన టైపును గారమాండ్ రూపములమీదనే నిలిపెను. దాని పేరు ఫ్రాంక్‌ఫర్టు టైపుశాలాధిపతి జాక్వెస్ సాబన్ పేరిట సాబన్. గారమాండ్ అక్షరములు పరుల పేర తిరుగగా, జానన్ అక్షరములు గారమాండ్ పేర తిరుగుచున్నవి! జర్మనీలో స్టెంపెల్ వారి గారమాండ్, 1989లో రాబర్ట్ స్లింబాక్ అడోబీ సంస్థకు చేసిన గారమాండ్ మాత్రము పేరునకు తగినవి.

తెలుగున ఈ చిక్కు ఇంకను రాలేదు. పోతన, వేమన అను ఫాంట్లను చూచి అవి ఆ కవుల చేవ్రాతలని ఎవరును భ్రమపడరు. వాని రూపకర్త తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు. ధూర్జటి, గురజాడ అను పేర్ల ఫాంట్లను తీర్చినవారు పురుషోత్ కుమార్ గుత్తులగారు. కవులను స్మరించుట మంచిదే. కాని పరిశోధక విద్యార్థులు ముద్రితగ్రంథమును వర్ణించునపుడు ఫాంటు పేరొకటి వ్రాసి ఊరకొనుచున్నారు. శిల్పి పేరు వేరుగా, పునఃసంస్కర్త పేరు వేరుగా వ్రాయుట అలవరచుకొనవలెను. సిద్ధాంతవ్యాసపు ఇంగ్లీషు పుటలకు వారిలో పలువురు కంప్యూటరున గారమాండును ఎన్నుకొందురు. మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో వచ్చు ఆ గారమాండ్ మోనోటైప్ వారి 1922 నాటి రూపమునుండి దిగినది. ఫాంట్ల పట్టికలో గారమాండ్ ఉన్నాడు, జానన్ లేడు.