గబ్బిలంతో మాట్లాడిన మనిషి

2022లో జిల్లా కలెక్టరేటు వెలసిన కొంగరకలాన్ నుంచీ, చుట్టుపక్కల గ్రామాల నుంచీ మా తరగతికి వచ్చే పిల్లలకు మొన్న జాషువా ‘గబ్బిలం’ పాఠం చెప్పాను. 1941లో వెలువడిన యీ కావ్యం కాళిదాసు మేఘసందేశానికి ఎదురు నిలిచిన సందేశకావ్యమనీ, యక్షుడి స్థానంలో అంటరానివాడు వచ్చాడనీ, మనిషికి లేని గుడిప్రవేశం గబ్బిలానికి వుంది గనుకనే అతడు కాశీ విశ్వనాథునికి దానిచేత కబురు పంపాడనీ వివరించాను. మన విమర్శకులు ఎన్నోసార్లు చెప్పిందే యిది. వెనక బెంచీ నుంచి ఒక కుర్రవాడు లేచి, “సార్, ఆయన బాధ చెప్పుకోనీకి మనిషే దొరకలేదా?” అన్నాడు.

పదేళ్లుగా యీ పాఠం చెబుతున్నా యీ ప్రశ్న నాకు తట్టలేదు. అందుకు నా మందబుద్ధి ఒక్కటే కారణం కాదు. దుఃఖం కనిపించగానే, అది ఎప్పుడు ఆగ్రహంగా మారుతుందా అని మన అభ్యుదయ విమర్శ తొందరపడింది. ఆగ్రహం కాలేకపోయిన దుఃఖాన్ని నైరాశ్యమని పక్కకు నెట్టింది. ఒక వర్గానికీ, ఒక కులానికీ బాధ వుంటుందని ఒప్పుకున్నాం. అందులో పుట్టిన యిరవై యేళ్ల కుర్రవాడికి రాత్రి నిద్ర పట్టదని మాత్రం పట్టించుకోలేదు. అది వైద్యుడి పని అనుకున్నాం. వైద్యుడు నిద్రలేమిని చూస్తాడు గాని, కుర్రవాడు ఏ వాడ నుంచి వచ్చాడో చాలాసార్లు అడగడు.

వైద్యం వైపు నుంచి యీ లోపాన్ని గుర్తించినవాడు ఫ్రాంజ్ ఫానన్. మార్టినిక్ ద్వీపంలో పుట్టిన యీ నల్లజాతి వైద్యుడు 1953లో, ఫ్రెంచి పాలనలో వున్న అల్జీరియాలోని బ్లిదా మానసిక వైద్యశాలలో చేరాడు. రోగుల సమావేశాలు, పత్రిక, వేడుకలు — యివన్నీ ఐరోపా స్త్రీల వార్డులో ఫలించాయి. అల్జీరియా ముస్లిం పురుషుల వార్డులో నీరుగారిపోయాయి. ఫానన్ రోగులను తప్పు పట్టలేదు, తన పద్ధతినే తప్పు పట్టాడు. వాళ్ల వూరి తరహా కాఫీ దుకాణం పెట్టించాడు, వాళ్ల పండుగలు జరిపించాడు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించాడు. అదే ఫానన్ 1956లో రాజీనామా యిచ్చాడు. సొంత గడ్డ మీదనే మనిషిని పరాయివాణ్ణి చేసే పాలన సాగుతుండగా అతణ్ణి వార్డులో బాగుచేయడం కుదరదన్నది ఆయన వాదనలోని సారం. యీ రెండింటినీ కలిపే చదవాలి. మొదటిది మాత్రమే చదివితే సంస్కృతి మందుబిళ్లగా మిగులుతుంది. రెండోది మాత్రమే చదివితే విప్లవం వచ్చేదాకా రోగి కాచుకుని వుండాలి.

మన దగ్గర కథ చెప్పేవాళ్లు లేరా? డక్కలివారూ, చిందువారూ మాదిగవాడల్లో జాంబపురాణం చెబుతూ వచ్చారు. భూమికంటె ముందు పుట్టిన జాంబవంతుడు నీ మూలపురుషుడని అది వినేవాడికి చెబుతుంది. తరగతిలో తల దించుకు కూర్చునే పిల్లవాడికి యిది చిన్న ఆసరా కాదు. కాని కామధేనువు మాంసం దగ్గర జరిగిన తప్పువల్లనే కులం కిందికి పడిపోయిందని చెప్పేది కూడా ఆ పురాణమే. తల ఎత్తించిన నోటితోనే నేరాన్ని నెత్తిన పెడుతుంది! జానపదమనగానే చేతులు జోడించే మన మిత్రులు యీ సగాన్ని దాటవేస్తారు. మూలపురుషుణ్ణి వుంచుకుని శాపాన్ని నిలదీసే హక్కు వినేవాడికి వుండాలి.

అలా నిలదీసినవాళ్లు లేకపోలేదు. 2016 జనవరిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, హాస్టలు నుంచి బయటికి పంపబడిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట డేరా వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. అవమానించే మాటను నలుగురూ వచ్చి కూర్చునే చోటుగా మార్చారు. అయినా వారిలో ఒకడైన రోహిత్ వేముల ఆ నెల 17న మనకు దక్కకుండా పోయాడు. డేరా ఒక్కటే చాలలేదు. దాని చుట్టూ వున్న విశ్వవిద్యాలయం మారలేదు.

విశాఖపట్నంలో వైద్యవిద్య ప్రవేశపరీక్షకు చదువుతున్న ఒక విద్యార్థి మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత గల మానసిక సలహాదారు వుండాలన్నది. అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలిగేలా సిబ్బందికి శిక్షణ యివ్వాలని కూడా అన్నది. మంచిదే. అయితే కాలేజీ దాకా వచ్చేసరికి యిది ఒక కాగితంగా తేలింది.

ఆ ప్రశ్న అడిగిన కుర్రవాడికి ఆ కాగితం నేనే యిచ్చాను. పరీక్షల భయం, కుటుంబ తగాదా, ప్రేమ వ్యవహారం, సెల్‌ఫోను అలవాటు — వీటిలో ఒకదాని పక్కన టిక్కు పెట్టాలి. అతడు రెండుసార్లు చదివి, “నాది యిందుల లేదు సార్” అని తిరిగి యిచ్చాడు. మరి ఏమిటని అడిగాను. చెప్పడం మొదలుపెట్టాడు. తరువాతి పీరియడుకు యిద్దరమూ వెళ్లలేదు.