స్వీయ పరిష్కరణ, పర పరిష్కరణ: కొల్లేటి క్షేత్ర పరిశోధన నేపథ్యంలో ఒక విమర్శ

ఉపోద్ఘాతం

పరిశోధన వ్యాసాన్ని రాసినవారే దిద్దుకోవాలా, ఆ పనిలో నేర్పున్న మరొకరికి అప్పగించాలా అన్న ప్రశ్నకు మన తెలుగు శాఖల్లో రెండు సమాధానాలు వినిపిస్తుంటాయి. తెలుగులో పరిశోధన చేసేవారికి తమ వాక్యాన్ని తాము దిద్దుకొనే శక్తి ఉండి తీరాలని, ఇతరుల చేతికివ్వడం ఆ శక్తి లేదని ఒప్పుకోవడమేనని కొందరి అభిప్రాయం. ఎంతటి పండితునికైనా తన తప్పు తనకు కనబడదు కాబట్టి పరిష్కర్త అవసరమని మరికొందరి వాదం. ఈ రెండు వాదాలకూ ఒక ఉమ్మడి లోపం ఉంది. రెండూ పరిష్కరణను భాషా దోషాల సవరణగానే భావిస్తున్నాయి. పరిశోధన వ్యాసంలో భాషతో పాటు ఆధారం ఉంటుంది. వాక్యాన్ని దిద్దిన చెయ్యి ఆ ఆధారాన్ని కూడా తాకుతుంది. అందుచేత ఎవరు దిద్దాలన్న ప్రశ్న కంటే, దిద్దినప్పుడు ఆధారం ఏమవుతున్నదన్న ప్రశ్న ముందు రావాలి.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతం అనువైన క్షేత్రం. జానపద విజ్ఞానం, మాండలికం, వృత్తి పదజాలం, నవలా విమర్శ వంటి పలు మార్గాల్లో తెలుగు పరిశోధకులు ఈ ప్రాంతానికి వస్తారు. ఇక్కడ కొలతలు, ఎల్లలు, మాటల అర్థాలు స్థిరంగా లేవు. స్థిరంగా లేని చోటనే పరిష్కర్త బాధ్యత బయటపడుతుంది.

పరిష్కరణ అన్న మాట

పరిష్కరణ మనకు కొత్త పదం కాదు. తాళపత్ర గ్రంథాలను సేకరించి, ప్రతులను పోల్చి, శుద్ధ ప్రతిని నిర్ణయించే పనికి ఈ పేరు వాడుతున్నాం. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ పండితులను నియమించి అనేక కావ్యాల ప్రతులను పోల్చి రాయించాడు. 20వ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి వంటివారు ఈ విద్యను ఒక శాస్త్రంగా నిలబెట్టారు. ఈ సంప్రదాయం మనకిచ్చిన ప్రధాన నియమం ఒకటుంది. పరిష్కర్త తనకు సమంజసమనిపించిన పాఠాన్ని పైన నిలుపుతాడు, తాను వదిలిన పాఠాన్ని కింద పాఠాంతరంగా చూపుతాడు. ఎందుకు మార్చాడో పీఠికలో చెబుతాడు. చెప్పకుండా మార్చిన పరిష్కర్తను తరువాతి విమర్శకులు క్షమించలేదు.

విచిత్రమేమంటే, ఎన్నో శతాబ్దాల నాటి లేఖకుడు రాసిన అక్షరానికి మనం చూపే ఈ మర్యాద, నేటి పరిశోధకుడు రాసిన వ్యాసానికి అందడం లేదు. వ్యాసాన్ని దిద్దేటప్పుడు ఏది మారిందో, ఎందుకు మారిందో చాలా సందర్భాల్లో ఎక్కడా నమోదు కాదు. ఈ వ్యాసంలో చేసే ప్రతిపాదనలకు ఈ వైరుధ్యమే మూలం.

స్వీయ పరిష్కరణ శక్తి, పరిమితి

రచయిత మాత్రమే చేయగల పనులు కొన్ని ఉన్నాయి. ఉల్లేఖనాన్ని మూలంతో సరిపోల్చడం, ధ్వనిముద్రణను మళ్లీ విని లిప్యంతరాన్ని సరిచూడటం, అంకెను అది వచ్చిన పత్రంతో కలిపి చూడటం ఇటువంటివి. ఆధారాలు రచయిత దగ్గరే ఉంటాయి కనుక ఈ బాధ్యతను ఎవరికీ బదిలీ చేయలేం. ప్రతి పేరా ఏమి నిరూపిస్తున్నదో ఒక్కొక్క వాక్యంలో విడిగా రాసుకొని, ఆ వాక్యాలను వరుసగా చదివితే వాదంలోని ఖాళీలు కొంతవరకు రచయితకే కనిపిస్తాయి. కొంత వ్యవధి తరువాత బిగ్గరగా చదవడం కూడా ఫలితమిచ్చే పద్ధతే.

అయితే రచయిత తన వ్యాసాన్ని చదివేటప్పుడు పుటమీద ఉన్నదానితో పాటు తన మనసులో ఉన్నదాన్ని కూడా చదువుతాడు. కొల్లేరు విస్తీర్ణాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. 1999లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరినప్పుడు నమోదైన విస్తీర్ణం 90,100 హెక్టార్లు, అంటే 901 చదరపు కిలోమీటర్లు. ఒకటి మరొకదానికి దాదాపు మూడింతలు. రెండూ సరైనవే, కొలిచిన వస్తువు వేరు. ‘కొల్లేరు విస్తీర్ణం’ అని మాత్రమే రాసి వీటిలో ఒక అంకె వేసిన రచయితకు ఏ కొల్లేరో తెలుసు, అందుకే ఆ వాక్యంలో లోపం కనిపించదు. భాషను మాత్రమే చూసే పరిష్కర్తకూ కనిపించదు, ఎందుకంటే వాక్యం వ్యాకరణబద్ధంగానే ఉంది. ‘ఇది దేని కొలత?’ అని అడిగే పాఠకుడే దాన్ని పట్టుకోగలడు.

జిల్లాల విషయమూ ఇటువంటిదే. కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఉన్నదన్న వాక్యం 2022 ఏప్రిల్ 4కు ముందు సరైనది. ఆనాడు ఏలూరు జిల్లా ఏర్పడి, అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ప్రాంతం అందులో చేరింది. తాడేపల్లిగూడెం మాత్రం భీమవరం కేంద్రమైన పశ్చిమ గోదావరిలోనే ఉంది. పాత సిద్ధాంత గ్రంథం నుండి అధ్యాయాన్ని విడదీసి వ్యాసంగా పంపే పరిశోధకుడు తాను ఒకప్పుడు సరిగా రాసిన వాక్యాన్ని అనుమానించడు. అలాగని అన్నిచోట్లా కొత్త జిల్లా పేరు పెడితే క్షేత్ర పర్యటన జరిగిన కాలం చెరిగిపోతుంది. ఏ తేదీనాటి ఎల్లలను అనుసరించారో ఒక్క వాక్యంలో చెప్పడమే పరిష్కారం.

పర పరిష్కరణ ప్రయోజనం, ప్రమాదం

బయటి పరిష్కర్త అవసరం పై ఉదాహరణల్లోనే రుజువవుతున్నది. అతడు అడిగే ప్రశ్న రచయితకు తోచనిది. కానీ అతడు ప్రశ్న అడగడం మాని జవాబు రాయడం మొదలుపెట్టినప్పుడు ప్రమాదం వస్తుంది.

ఎక్కువ జిల్లాల్లో ‘చెరువు’ అంటే సాగునీటి వనరు. కొల్లేటి ప్రాంతంలో అది గట్లు వేసి చేపలనో రొయ్యలనో పెంచే నీటి మడి. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో ప్రభుత్వం గండ్లు కొట్టించినది ఇటువంటి చెరువుల గట్లకే. ‘చెరువులు వచ్చాక కొల్లేరు పోయింది’ అని ఒక లంక గ్రామస్థుడు చెప్పాడనుకుందాం. శైలి కోసం ‘చెరువు’ స్థానంలో ‘తటాకం’ పెట్టిన పరిష్కర్త ఆ వాక్యంలోని ఆరోపణనే తుడిచేస్తాడు. తాటి మాను తొలిచి చేసిన ‘దోనె’ను ‘పడవ’గా, ‘కిక్కిస’ను ‘రెల్లు’గా మార్చినా ఇదే నష్టం. పదంతో పాటు వస్తువు, వృత్తి, పరిసరం కూడా జారిపోతాయి.

స్థలనామాల్లో చిక్కు మరో రకం. తాడేపల్లిగూడెం పరిసరాల్లో ‘గూడెం’ అంటే ఆ పట్టణమే. ఏజెన్సీ వైపు పోతే గిరిజన పల్లెను గూడెం అంటారు. ‘గూడెం నుంచి వచ్చాం’ అన్న వక్త మాటను ఏ విధంగా విప్పాలో, అసలు విప్పవచ్చునో లేదో ఆ సంభాషణ విన్నవారికే తెలుస్తుంది.

సమూహాల పేర్ల దగ్గర పరిష్కర్త తొందరపాటు మరింత తీవ్రమైన ఫలితాలిస్తుంది. కొల్లేటి లంకల్లో చేపల వేట వృత్తిగా గల ఒక వర్గం తమను ‘వడ్డి’ అని చెప్పుకొంటుంది. ఆ మాట అపరిచితమై పరిష్కర్త దాన్ని ‘వడ్డెర’ అని సవరిస్తే, పాఠకుని మనసులో రాతి పనితో ముడిపడిన వృత్తి చిత్రం నిలుస్తుంది. ఈ రెండు పేర్ల మధ్య సంబంధం ఏమిటన్నది వాదించి తేల్చవలసిన పరిశోధన విషయం. ప్రూఫులు దిద్దే చోట నిర్ణయమైపోవలసినది కాదు.

సాహిత్య విమర్శ వ్యాసాలకూ ఈ హెచ్చరిక వర్తిస్తుంది. అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ వంటి నవల నుండి సంభాషణను ఉదహరించినప్పుడు దానిలోని ప్రాంతీయ రూపాన్ని ప్రామాణిక భాషలోకి మార్చడం మూలాన్ని మార్చడమే. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం వెలువరించిన నాటినుండి, వృత్తి పదాన్ని ఉన్నది ఉన్నట్టు నమోదు చేయడం మన శాస్త్ర మర్యాద. ఆ మర్యాద పదకోశాలకే పరిమితం కాకూడదు.

మన శాఖల వాస్తవ స్థితి

ఆంగ్ల పరిశోధన ప్రపంచంలో భాషా పరిష్కరణ ఒక వృత్తి. రుసుము తీసుకొని వ్యాసాలు దిద్దే సంస్థలున్నాయి. దిద్దినవారికి కృతజ్ఞత చెప్పడం, వారిని సహరచయితలుగా చేర్చకపోవడం అక్కడ స్థిరపడిన నియమాలు. తెలుగులో అటువంటి వృత్తి దాదాపు లేదు. దాని పనిని పర్యవేక్షకుడు, తోటి పరిశోధకుడు, డీటీపీ చేసేవారు తలా కొంత పంచుకుంటున్నారు. పని జరుగుతున్నది గాని పని చేసినవారి పేరు, హద్దు, బాధ్యత నిర్ణయం కాలేదు. సమీక్షకుని నివేదికను కూడా పరిష్కరణగా భావించే అలవాటుంది. వ్యాసం ప్రచురణార్హమా కాదా అన్నది సమీక్షకుని తీర్పు. ప్రతి వాక్యాన్నీ నిలదీయడం అతని విధి కాదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో తెచ్చిన నిబంధనలు పది శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదన్నాయి. ఆ హద్దులోకి తేవడానికి పర్యాయపదాలు మార్చి, వాక్యాలు తిరగేసే పనికి కూడా ‘ఎడిటింగ్’ అన్న పేరు పెట్టడం మన కాలపు వికారం. అది ఆధారాన్ని దాచడానికి చేసే పని. పరిష్కరణ ఆధారాన్ని స్పష్టం చేయడానికి చేసే పని. 2022 పీహెచ్.డి. నిబంధనలు సిద్ధాంత గ్రంథ సమర్పణకు ముందు వ్యాస ప్రచురణ తప్పనిసరి అన్న షరతును తొలగించాయి. తొందరకు ఒక కారణం తగ్గింది కనుక, వ్యాసాన్ని నిదానంగా దిద్దుకొనే వీలు పరిశోధకునికి దొరికింది.

మనకున్న పూర్వ నిదర్శనం

పరిష్కర్తతో కలిసి పనిచేయడం స్వతంత్ర పరిశోధకునికి చిన్నతనమన్న భావానికి మన చరిత్రలో ఆధారం లేదు. పశ్చిమ గోదావరి ప్రాంతం నుండి వచ్చిన ఇద్దరు చరిత్రకారులే ఇందుకు సాక్ష్యం. రేలంగిలో పుట్టిన చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో వెలువడింది. ఆ గ్రంథమాలకు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు సంపాదకుడు. మినుమించిలిపాడులో పుట్టిన మల్లంపల్లి సోమశేఖరశర్మ అదే లక్ష్మణరావు వద్ద ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ నిర్మాణంలో పనిచేశారు. తరువాత ఆయన రాసిన రెడ్డి రాజ్యాల చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు ప్రచురించింది. విజ్ఞాన సర్వస్వమన్నది స్వభావ రీత్యా సమష్టి రచన. అనేకులు రాసిన దానిని ఒకే ప్రమాణానికి తేవడమే అక్కడి నిత్యకృత్యం. ఇతరుల వాక్యాన్ని ఆధారంతో తూచే అటువంటి చోట పనిచేసిన పరిశోధకుడు ఎవరికీ లొంగిన రచయితగా మిగలలేదు. స్వయంగా ప్రమాణమయ్యాడు. పర పరిష్కరణ సరైన రీతిలో జరిగితే స్వీయ పరిష్కరణకు అది పాఠశాల అవుతుందనడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం అక్కర్లేదు.

ముగింపు

పై చర్చ నుండి నాలుగు ప్రతిపాదనలు చేయవచ్చు. మొదటిది, ఆధారాల పరిశీలన పూర్తిగా రచయిత బాధ్యత. దాన్ని ముగించాకే వ్యాసం పరిష్కర్త చేతికి వెళ్లాలి. రెండవది, పరిష్కర్త అక్షర, వాక్య దోషాలను సవరించవచ్చు. పేర్లు, అంకెలు, మాండలిక పదాలు, ఉల్లేఖనాల దగ్గర మాత్రం సవరణకు బదులు ప్రశ్న రాయాలి. మూడవది, మార్పుల పట్టిక రచయితకు తిరిగి చేరాలి, అంగీకరించినవీ నిరాకరించినవీ పత్రిక వద్ద నిలవ ఉండాలి. ఇది పాఠాంతర సూచికకు సమానం. నాల్గవది, క్షేత్ర పరిశోధన వ్యాసాలకు ఆ ప్రాంతం తెలిసిన ఒక పాఠకుడు ఉండాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల తెలుగు అధ్యాపకులు కొల్లేటి వ్యాసాలకు ఈ సహాయం చేయగలరు. వక్త మాటల లిప్యంతరాన్ని వీలైనచోట ఆ వక్తకే చదివి వినిపించడం అన్నిటికంటే ఉత్తమం.

ఈ నియమాలకు నిధులు అవసరం లేదు, అలవాటు కావాలి. లంక గ్రామంలో ఒక వృద్ధుడు చెప్పిన మాట పరిశోధకుని పుస్తకం నుండి పత్రిక పుట వరకు వచ్చేలోపు ముగ్గురు నలుగురి చేతులు దాటుతుంది. ఆ మాటను ఎవరు మార్చారో తెలుసుకొనే వీలు లేకపోతే తరువాతి పరిశోధకుడు దాన్ని ఆధారంగా స్వీకరించలేడు. తాళపత్రంలోని అక్షరానికి పాఠాంతర సూచిక ఎందుకు అవసరమైందో, ఈ మాటకూ అందుకే అవసరం.