మళ్లీ రాయమంటే

"ఇంకొక్క నెల రాసివ్వండి డాక్టరు గారూ." కనెక్టికట్‌లో నరాల వైద్యుణ్ని గనక ఈ మాట తరచూ వింటాను. లైమ్ జబ్బుకు ఆ పేరు వచ్చింది మా రాష్ట్రంలోని లైమ్ అనే ఊరి నుంచే. పిడుదు కుట్టినప్పుడు ఒంట్లో చేరిన బొరేలియా అనే బ్యాక్టీరియా నరాలకు పాకితే మూతి వంకరపోతుంది, లేదా రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని వెన్నునొప్పి మొదలవుతుంది. రెండు మూడు వారాల డాక్సీసైక్లిన్ మాత్రలతోనో, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లతోనో చాలామందికి నయమవుతుంది.

కొందరికి మూతి సర్దుకుంటుంది గానీ నీరసం వదలదు, తెలిసిన పేర్లు గుర్తురావు. ఆ బాధ నిజం. దాన్ని కొట్టిపారేసే డాక్టర్లంటే నాకు కోపం. అయినా యాంటీబయాటిక్ మళ్లీ రాయను.

అలాంటివాళ్లలోనే కొందరికి క్లెంప్నర్ అనే పరిశోధకుడి బృందం నెలరోజులు సెఫ్ట్రియాక్సోన్, ఆపైన రెండు నెలలు డాక్సీసైక్లిన్ ఇచ్చి చూసింది. మిగతావాళ్లకు ఉత్తుత్తి మందు. 2001లో ఫలితాలొచ్చాయి. రక్తపరీక్షలో జబ్బు జాడ ఉన్నవాళ్లలో అసలు మందుతో నూటికి 37 మంది మెరుగుపడితే, ఉత్తుత్తి మందుతో 40 మంది! ఈ రెండంకెలూ కాగితం మీద రాసి చూపిస్తాను. నీరసం తగ్గిందని 2003లో ఒక పరిశీలన చెప్పింది గానీ, అందులో అసలు మందు పడ్డవాళ్లు చాలామంది ఆ సంగతి కనిపెట్టేశారు. ఫాలన్ అనే మరో పరిశోధకుడి బృందం పది వారాలు ఇంజెక్షన్లిస్తే జ్ఞాపకశక్తి కాస్త పెరిగింది. 24వ వారానికి ఆ తేడా చెరిగిపోయింది. నెదర్లాండ్స్‌లో 280 మందికి రెండు వారాల ఇంజెక్షన్ల తర్వాత కొందరికి మరో 12 వారాలు మాత్రలిచ్చినా అదనపు మేలు కనబడలేదు.

నష్టం జరిగే ముప్పు మాత్రం నిజంగా ఉంటుంది. మందెక్కించడానికి సిరలో పెట్టిన గొట్టం వెంట ఇన్ఫెక్షన్ రక్తంలో చేరి ప్రాణం పోయిన ఉదంతం వైద్యపత్రికలకెక్కింది.

"ఇంతదూరం వస్తే ఉత్తచేతులతో పంపుతారా?" అన్నారొక పెద్దాయన. ఉత్తచేతులతో పంపను. థైరాయిడ్ చూస్తాను, గురకపెట్టి నిద్రలో ఊపిరి ఆగుతోందేమో అడుగుతాను. శాకాహారులైతే బి12 తప్పనిసరి. ఏ రోజు ఎంత నడవాలో కలిసి రాసుకుంటాం. వీటికి మాత్ర రాసినదానికంటే ఎక్కువసేపు పడుతుంది. బీమావాళ్లు ఆ సమయానికి ఇచ్చేది తక్కువే.

కొత్తగా పిడుదు కుట్టి ఎర్రమచ్చ పాకినా, మూతి మళ్లీ వంకరపోయినా ఆ రోజే రండి. అప్పుడు మందు నేనే రాస్తాను.