తీన్మార్‌కు ఎన్ని ముక్కలు?

పోయిన శుక్రవారం రాత్రి పదకొండింటికి శాలిబండలో మా కిటికీ కింద బరాత్ ఆగింది. ముందు కారు సందులో ఇరుక్కుంది. అది కదిలేదాకా మర్ఫా డప్పుల వాళ్లు అక్కడే నిలబడి తీన్మార్ వాయించారు. ఇంట్లో అందరూ విసుక్కున్నారు, నేను మాత్రం మంచం మీద కూర్చుని తొడ మీద వేళ్లతో లెక్క కట్టుకున్నాను. నాకో జబ్బుంది. చెవిన పడ్డ ప్రతి దరువూ కాగితం ఎక్కాల్సిందే.

తెల్లారగానే మ్యూజ్‌స్కోర్ తెరిచాను. స్వరాలు రాసుకునే, డబ్బులడగని సాఫ్ట్‌వేర్. స్వరాన్ని ఎంచుకుని కంట్రోల్, 3 నొక్కితే ఆ వ్యవధి మూడు సమభాగాలవుతుంది. 5 నొక్కితే అయిదు, 7 నొక్కితే ఏడు. ఇంకా వంకర లెక్కయితే విడిగా ఒక పెట్టె తెరుచుకుంటుంది, ఎనిమిదింటి చోట పదకొండు పట్టించమని అడగొచ్చు. పాశ్చాత్య లిపిలో స్వరాన్ని సగం, సగంలో సగం చేసుకుంటూ పోతారు. అందుకే మూడూ అయిదూ వాళ్లింట్లో చుట్టాలు, నెత్తిన బ్రాకెట్టూ అంకె పెట్టుకుంటే గానీ గడప దాటనివ్వరు. మనకు తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అన్నీ ఇంటి పిల్లలే. ఏడు తాళాలకు అయిదు జాతులు, అయిదు గతులు కలిస్తే 175 తాళాలు. ఈ గొప్ప ఎన్నిసార్లు చెప్పుకున్నానో, ఈ సాఫ్ట్‌వేర్లకు మన లయ తెలియదని ఎన్నిసార్లు దులిపానో!

తీన్మార్ అంటేనే మూడు దెబ్బలు. కంట్రోల్ 3 కొట్టి వినిపించమన్నాను. పోస్టాఫీసులో ముద్రలు వేస్తున్నట్టుంది.

ఈ మర్ఫా నిజాం సైన్యంలోని ఆఫ్రికా సిద్దీలు, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు మనకిచ్చింది. ఆ సిపాయిల బ్యారక్స్ జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. సిద్దీల ఆశ్విక దళం పేరు ఏసీ గార్డ్స్ బస్తీకి మిగిలింది. గుర్రాలు పోయినా దరువు పోలేదు. పెళ్లి ఊరేగింపుల నుంచి లాల్‌దర్వాజ బోనాలకు, గణపతి నిమజ్జనానికి పాకింది. మా తాత నాకు మృదంగం పాఠం చెబుతున్నప్పుడు అది వినిపిస్తే లేచి కిటికీ మూసేవాడు. మూసిన కిటికీ వెనక నా కాలు ఊగేది, నోట్లో తకిట తప్పేది, వీపు మీద ఒకటి పడేది. ఆ కిటికీకి ఇప్పుడు తలుపే సరిగా పడదు.

తీన్మార్‌లో మూడో దెబ్బ కాస్త ఆలస్యంగా పడాలి, నా కంట్రోల్ 3కీ దానికీ అదీ తేడా. అయిదు ముక్కలు చేసి ఒకటి, మూడు, అయిదు మీద కొట్టించాను, మరీ ఆలస్యమైంది. ఏడు చేసి ఒకటి, మూడు, ఆరు మీద పెడితే దగ్గరికొచ్చింది. పదకొండు కూడా వదల్లేదు. సాయంత్రానికి పేజీ నిండా బ్రాకెట్లే. ప్రింటు తీసి, వీధి చివర ఉండే మర్ఫా ఆయనకు చూపించాను. తలకిందులు చేసి చూశాడు. "ఏ కిస్‌కే ఘర్ కా నక్షా హై సాబ్?" అన్నాడు. ఎవరింటి ప్లాను ఇది అని!

తర్వాత చాయ్ బల్ల మీద వాయించి చూపించాడు. నిదానంగా కొడితే మూడో దెబ్బ వెనకబడింది. వేగం పెంచేసరికి ముందుకు జరిగి దాదాపు మూడు సమభాగాలకు వచ్చేసింది. ఎంత జరగాలో ఎగిరేవాళ్ల కాళ్లను చూసి తేల్చుకుంటాడట.

సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ దులుపుదామనే కూర్చున్నాను. కానీ అది నేనడిగిన ఏ లెక్కకూ కాదనలేదు. ఏడన్నా సరే అంది, పదకొండన్నా సరే అంది. కదిలే దెబ్బకు కుదురైన అంకె అడిగింది నేను. మన 175లో వెతికినా అది దొరకదు. కాబట్టి పాత తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

బ్రాకెట్లన్నీ తుడిచి ఒక్క 3 ఉంచాను. పైన "బరాత్ నడక" అని తెలుగులో టైపు చేశాను. ఆ పాత ప్రింటు మర్ఫా ఆయన దగ్గరే ఉండిపోయింది. దాని వెనక పెళ్లిళ్ల అడ్వాన్సులు రాసుకుంటున్నాడు.