పాత బోటుకు పనికొచ్చే ఎండలు

నల్లగొండ ఎండలను తిట్టుకోనివాళ్లు తక్కువ. పాత ఫైబర్ బోటు బాగుచేసే పనిలో దిగిన నాకు మాత్రం ఆ ఎండలే పెద్ద అండ. ఏప్రిల్, మే నెలలకు నాగార్జునసాగర్ నీళ్లు వెనక్కి జరుగుతాయి. 590 అడుగుల నిండు మట్టం నుంచి జలాశయం దిగేకొద్దీ ఎప్పుడో మునిగిన చెట్ల మోళ్లు, బండరాళ్లు పైకి తేలతాయి. అటు శ్రీశైలం వెనక నీళ్లలో సంగమేశ్వరం గుడి బయటపడేదీ ఆ రోజుల్లోనే. బోట్ల అడుగులు చీలేదీ, ఒడ్డుకెక్కి ఎండేదీ కూడా అప్పుడే. బాగుచేసుకోవడానికి అంతకు మించిన అదను లేదు.

మన పాలమూరు, నల్లగొండ రేవుల్లో మొదటినుంచీ ఉన్నది పుట్టి. పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురానికి భక్తులు ఇప్పటికీ అందులో కృష్ణ దాటుతుంటారు. వెదురు విరిగితే కొత్త బద్ద అల్లుతారు, అడుగు కారితే తారు పూస్తారు. పని ఊళ్లోనే తెమిలిపోతుంది. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఆనకట్ట వెనక సముద్రమంత నీరు నిలిచాక విశాఖ వైపు నుంచి వలస వచ్చిన మత్స్యకారులు ఇక్కడే స్థిరపడ్డారు. దేవరకొండ దాటి వెళ్తే వచ్చే వైజాగ్ కాలనీ అలా పుట్టిన ఊరే. తర్వాత్తర్వాత ఫైబర్ బోట్లు వచ్చాయి. తేలిక, చెదపట్టవు, కుళ్లవు. కానీ బాగుచేసుకునే విద్య మాత్రం వాటి వెంట ఊళ్లోకి రాలేదు. చీలిక పడితే పైపైన ఏదో పూసి ఒక కారు నెట్టుకొస్తారు. ఆ తర్వాత ఒడ్డున బోర్లా పడేసి వదిలేస్తారు.

అలా పడి ఉన్నదాన్నే కొని దేవరకొండలో మా ఇంటి వాకిట్లోకి తెచ్చుకున్నాను. ఇచ్చిన పెద్దాయన వైజాగ్ కాలనీ మనిషి. "తాతా, రెజిన్ ఎంత పడుతుంది?" అని అడిగితే, "రెజిన్ మాట తర్వాత బాబూ, ముందు దీన్ని బాగా ఎండనీ. లోపల తడి ఉంటే పైన ఎన్ని పొరలేసినా వదిలేస్తాది" అన్నాడు. ఈ పనిలో సగం విద్య ఆ మాటలోనే ఉంది.

ఎండిన బోటును ముందు చెవితో చూడాలి. చిన్న సుత్తి పిడితో అడుగంతా జానెడు జానెడుకీ తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నచోట ఖణేల్‌మంటుంది. పొరలు విడిపోయిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీయాలి. కంటికి కనబడే చీలిక బెత్తెడుంటే, సుద్దగీత మూరెడు సాగడం మామూలే. వెనక పలక దగ్గర మరీ జాగ్రత్త కావాలి. ఇంజను బిగించేది దానికే. పైన ఫైబర్ నిగనిగలాడుతున్నా లోపలి చెక్క నాని పొట్టు రాలుతుంటుంది. దాన్ని పూర్తిగా తీసేసి మెరైన్ ప్లైవుడ్ వేయాల్సిందే.

దెబ్బతిన్న చోట గ్రైండర్‌తో అంచుల్ని ఏటవాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండింతల వెడల్పు వాలు కావాలి. అంటే 5 మిల్లీమీటర్ల గోడకు చుట్టూ 60 మిల్లీమీటర్లు. బోటులో పిడికెడు కన్నం కోసం ఇంత మేర మంచి భాగాన్ని అరగదీయడానికి చెయ్యి రాదు. కానీ కొత్త పొర పాతదాన్ని పట్టుకునేది ఆ వాలు మీదే. ఆ తర్వాత గాజు మ్యాట్ పరిచి బ్రష్‌తో రెజిన్ అద్దుతుంటే, తెల్లటి మ్యాట్ రెజిన్ తాగి కళ్లముందే అద్దంలా మారిపోతుంది. ఎక్కడైనా తెల్లమచ్చ మిగిలితే అక్కడ గాలి ఉన్నట్టే. రోలర్‌తో నొక్కి దాన్ని వెళ్లగొట్టాలి.

ఎండ ఇక్కడ మాత్రం ఎదురు తిరుగుతుంది. హార్డెనర్ రెజిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లే కలుపుతాం. నలభై దాటిన ఎండలో ఆ ఒక్క పాలుకే గిన్నెలోని రెజిన్ నిమిషాల్లో గడ్డకట్టి సెగలు కక్కుతుంది. అందుకే పొరలు వేసే పని తెల్లవారుజామునే, కొంచెం కొంచెంగా కలుపుకుంటూ చేయాలి. రెజిన్ త్వరగా గట్టిపడటానికి వాడే కోబాల్ట్‌ను, హార్డెనర్‌ను నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎన్నడూ పోయకూడదు, భగ్గుమంటాయి.

బాగుచేయడంతో పాటు చేసే మార్పుల్లో నేను మొదట పెట్టేది తేలే గదులు. బోటు నిండా నీళ్లు నిండినా మునగకుండా ముందు, వెనక మూసిన గదుల్లో ఫోమ్ నింపాలి. చవకని థర్మోకోల్ పెట్టి పైన రెజిన్ పూస్తే అది కరిగిపోతుంది, రెజిన్‌లోని స్టైరీన్ దాన్ని తినేస్తుంది. పాలియురేథేన్ ఫోమే వాడాలి. అదే ఫోమ్ గోడలతో ఐసు పెట్టె కూడా కట్టుకుంటే చేప దేవరకొండ బజారుకు చెడకుండా చేరుతుంది.

ఇంత కష్టం పాతదాని మీద ఎందుకని అడిగేవాళ్లున్నారు. 1950ల తొలినాళ్లలో అమెరికా కోస్ట్ గార్డ్ కట్టించిన 40 అడుగుల ఫైబర్ బోట్ల గోడల్లోంచి ముక్కలు కోసి, 20 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే బలం చెక్కుచెదరలేదని తేలింది. గట్టిగా కట్టిన ఫైబర్ అంత తేలిగ్గా ముసలిది కాదు. దాని చెడ్డగుణం కూడా అదే. అది మట్టిలో కలవదు, కరిగించి మళ్లీ పోతపోయడానికీ లేదు. ఒడ్డున పడేస్తే ఎండకు పొరలు లేచి గాజునూలు నీళ్లలోకే పోతుంది. హైదరాబాదు తాగేవాటిలో ఆ కృష్ణ నీళ్లూ ఉన్నాయి. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన మన పల్లెలకు దిక్కైనవీ ఆ నీళ్లే. అందుకే అరగదీసేటప్పుడు కింద పట్టా పరిచి, ముక్కుకు మాస్కు కట్టి, రాలిన ప్రతి పిసరూ మూటగట్టాలని నా పట్టుదల.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో బోట్లకు, వలలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ 60 శాతం సాయం పెట్టారు. మంచిదే. కానీ కొత్త బోటుకు డబ్బిచ్చే చేత్తోనే పాత బోటుకు చికిత్స నేర్పించాలి. కృష్ణ ఒడ్డునే ఉన్న సోమశిల దగ్గర ఒకటి, వైజాగ్ కాలనీలో ఒకటి చొప్పున నీడకు రేకుల షెడ్డు, కరెంటు, నాలుగు గ్రైండర్లు, నేర్పే మనిషి ఉంటే చాలు. ముదిరాజ్, గంగపుత్ర కుర్రాళ్లకు వేసవి రెండు నెలలూ చేతినిండా పని దొరుకుతుంది. మత్స్యశాఖ అధికారులు వచ్చే ఎండాకాలానికల్లా ఆ రెండు షెడ్లూ వేయించాలని కోరుతున్నాను.