ఒకే నీటి మీద నలుగురు

పరదేశం వెళ్లబోయే మనిషికి స్నేహితులు పుస్తకం చెప్పడంలో ఒక ప్రత్యేకమైన చనువు ఉంటుంది. ఊరి వివరాలు ఎవరైనా చెప్తారు. ఆ ఊళ్లో నువ్వు ఏ మలుపు దగ్గర ఆగిపోతావో, దేన్ని చూసి నీ గొంతు పూడుకుపోతుందో తెలిసినవాళ్లే నీకు పుస్తకం చెప్పగలరు. నా ఇస్తాంబుల్ ప్రయాణం ఇంకా ముందుంది. స్నేహితులు చెప్పిన పుస్తకాలు మాత్రం ఒకదాని వెనక ఒకటి చదివేశాను. నల్లసముద్రాన్నీ మర్మరా సముద్రాన్నీ కలుపుతూ ఆ ఊరిని రెండుగా చీల్చే బాస్ఫరస్ జలసంధిని నేనింకా చూడలేదు. దాని దగ్గర నలుగురు రచయితలు నాలుగు చోట్ల నిలబడి ఉండటం మాత్రం చూశాను.

అందరూ చెప్పే పేరు ఓర్హాన్ పాముక్. 2006లో నోబెల్ అందుకున్న ఈ రచయిత అంతకు మూడేళ్ల ముందే తన జ్ఞాపకాల పుస్తకానికి ఊరి పేరే పెట్టాడు. "బొమ్మలు ముందే తిరగేయకు, చదువుతూ పోతే అవే ఎదురొస్తాయి," అంది దాన్ని నాకు చెప్పిన స్నేహితురాలు. ఎంత సరైన మాట! ఆరా గ్యులేర్ నలుపు తెలుపు ఫోటోలు ఆ పేజీల్లోకి మంచు దిగినట్టు దిగుతాయి. పోయిన సామ్రాజ్యం, కాలిపోయే పాత చెక్క భవంతులు, జలసంధి మీద వెళ్లే ఓడల్ని లెక్కపెట్టుకునే పిల్లవాడు. ఊరంతటికీ ఉమ్మడిగా పట్టిన దిగులు గురించి ఒక అధ్యాయం ఉంది. అందులో ఒకే వాక్యం పేజీల తరబడి సాగుతుంది. దిగులుకి పేరు పెట్టడం అప్పటికే అయిపోయింది. ఇక వివరించడు, వరసగా చూపిస్తూ పోతాడు: వీధిదీపాలు, చలికాలపు పడవలు, ఇళ్లకు చేరే తండ్రులు. మన ఆలంకారికులు విభావం అన్నది ఏమిటో ఆ వాక్యం చివరికి వచ్చేసరికి ఒంటికి తెలిసింది. ఏ ఒక్క దృశ్యమూ ఏడిపించదు. అన్నీ కలిసి పేరుకున్నాక మాత్రం ఊపిరి బరువెక్కుతుంది.

ఆయనదే నవల 'మ్యూజియం ఆఫ్ ఇన్నోసెన్స్' 2008లో వచ్చింది. కెమాల్ అనే ధనవంతుడు ఫ్యూసున్ అనే దూరపు చుట్టాలమ్మాయిని ప్రేమించి, పోగొట్టుకుని, ఎనిమిదేళ్లపాటు వాళ్లింటికి భోజనానికి వెళుతూ, ఆమె ముట్టుకున్న వస్తువుల్ని రహస్యంగా జేబులో వేసుకొస్తాడు. విప్రలంభ శృంగారం మనకు మేఘాల్నీ హంసల్నీ దూతలుగా పంపింది. ఇక్కడ ఆ పని ఉప్పుడబ్బీలూ చెవిదుద్దులూ చేస్తాయి. పాముక్ అక్కడితో ఆగలేదు. 2012లో చుకుర్‌జుమా పేటలోని ఒక పాత ఇంట్లో నిజంగానే ఆ మ్యూజియం తెరిచాడు. ఫ్యూసున్ కాల్చినవిగా 4,213 సిగరెట్ పీకల్ని ఒక గోడ నిండా అమర్చి పెట్టాడు. నవల చివర్లో ఒక ప్రవేశ టికెట్టు అచ్చువేసి ఉంటుంది. పుస్తకం పట్టుకెళితే ఆ పేజీ మీద ముద్ర వేసి లోపలికి పంపిస్తారు. కల్పనలోంచి వీధిలోకి ఇంత సూటిగా తలుపు తెరిచిన నవల నాకు మరొకటి తెలియదు. బరువైన పుస్తకమే అయినా నా సంచిలో దానికి చోటుంది.

ఇంతా చేసి పాముక్ నీళ్లని కిటికీలోంచే చూస్తాడు. చూపు అద్భుతం, ఆ దూరమూ నిజం. పడవ ఎక్కించే పుస్తకం ఇంకో మిత్రుడు చెప్పాడు. ఆయన సంగీతం మనిషి. "పాముక్ గురువుగారిని చదవకుండా ఎలా వెళ్తావయ్యా?" అని కోప్పడి మరీ చెప్పాడు. అహ్మెత్ హమ్ది తాన్‌పినార్ 1949లో వెలువరించిన నవల అది, ఇంగ్లీషులో 'ఎ మైండ్ ఎట్ పీస్'. ముమ్తాజ్, నూరాన్ ఊరి పక్క దీవులకు వెళ్లే పడవలో కలుసుకుంటారు. ఆ తర్వాత వాళ్ల ప్రేమంతా బాస్ఫరస్ వేసవే. రేవుల పేర్లు, తోటలు, దీపాలు వెలిగించుకుని రాత్రిపూట చేపల వేటకెళ్లే పడవలు, దేదే ఎఫెందీ కూర్చిన పాత బాణీలు. ఆయన గద్యం తొందరపడని ఆలాపనలా ఒక స్వరం దగ్గరే తచ్చాడి, అక్కడి వెలుగంతా చూపించాక గానీ ముందుకు కదలదు. మొదటి పేజీలు కొంచెం ఓపిక అడుగుతాయి, ఇవ్వాలి. ఎందుకంటే ఈ నవల తన పట్టంతా కాలం మీద పెట్టింది. కథ మొదలయ్యేసరికే ఆ వేసవి గడిచిపోయింది, ప్రేమ చేజారింది, 1939లో యుద్ధం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. అది తెలిసి చదువుతాం కాబట్టే ఆ వెన్నెల నీటి మీద ప్రతి దీపమూ అంతగా మెరుస్తుంది. సంభోగ శృంగారాన్ని కరుణ అంచున నిలబెట్టి, జారిపోనివ్వకుండా అంతసేపు పట్టుకోవడం మహా రచయితలకే చేతనవుతుంది.

ఇక సయిత్ ఫాయిక్ అబాసియానిక్. ఈ పేరు చెప్పిన స్నేహితుడికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. మాట్లాడే మనిషి కాదు. "చేప కథ చదువు," అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు. సయిత్ ఫాయిక్ 1906లో పుట్టి 1954లో పోయాడు. బుర్గజ్ దీవిలో తల్లితో ఉంటూ, జాలర్లతో, కాఫీ కొట్ల వాళ్లతో, ఊరికే తిరిగే వాళ్లతో కాలం గడిపాడు. ఆయన పోయిన ఏడాదే వచ్చిన సంపుటిలో ఉంది ఆ కథ. ఒంటినిండా వడ్రంగి పనిముట్లు అతికించుకున్నట్టుండే చేప ఒకటి. అక్కడి జాలర్లు దాన్ని వడ్రంగి చేప అనే పిలుస్తారట. ఒకప్పుడది సముద్రాన్ని హడలెత్తించిన భూతమని, ఏసు ప్రభువు దాన్ని వేళ్లతో పట్టుకుని చెవిలో ఏదో చెప్పాక సాధువైపోయిందని ఐతిహ్యం. కథకుడు ఒకరోజు దాన్ని చెట్టుకి వేలాడుతూ ఇంకా ప్రాణంతో ఉండగా చూస్తాడు. కథలో చాలా భాగం ఆ చావే. ఒంటి మీది పల్చటి పొర వణకడం, రంగు వెలిసి తెల్లబడటం. అంతకుమించి ఏమీ జరగదు. కానీ ఆ వణుకుని ఆయన ఎంతసేపు, ఎంత దగ్గరగా చూస్తాడంటే, మొదట అది ఏదో నాట్యంలా అనిపించి, అందంగా ఉందే అని మనం అనుకునే లోపు అది భయమని అర్థమవుతుంది. అద్భుతం భయానకంగా మారిన క్షణం ఏదో వెనక్కి వెళ్లి వెతికాను, దొరకలేదు. ఆ అతుకు అంత సన్నం. చివర్లో కథకుడు ఇంకో ఊహ చేస్తాడు: ఈ చేపని మన గాలికి అలవాటు చేయగలిగితే? సంబరపడతాం. తర్వాత దాని బెదురునీ మెత్తదనాన్నీ ఆసరా చేసుకుని పీడించి పీడించి, ప్రభువు సాధువుగా మార్చిన ప్రాణిని మళ్లీ భూతంగా మారుస్తాం. గొంతు పెంచడు. నెమ్మదిగా చెప్పి వెళ్లిపోతాడు. కరుణ రసానికి ఇంతటి శిఖరం ఒక్క చేపతో, కొన్ని పేజీల్లో! ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దీవులకు వెళ్లే పడవ కినాలి తర్వాత బుర్గజ్ రేవులో ఆగుతుంది. నేనక్కడ దిగుతాను.

ఈ పుస్తకాల నడుమ తరచు ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, దారి పొడుగునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి ఉత్తరాలు రాశాడు. ఆయన పోయాక 1838లో ఆ మిత్రుడే వాటిని అచ్చువేయించాడు. మన తొలి యాత్రాగ్రంథం స్నేహం పెట్టిన భిక్ష. ఊరు దాటే మనిషికీ ఊళ్లో ఉండిపోయే మనిషికీ మధ్య అక్షరాలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. నాకు పుస్తకాలు చెప్పిన వాళ్లలో ఇస్తాంబుల్ చూసినవాళ్లు తక్కువ. అందుకే కాబోలు, అంత ఇష్టంగా చెప్పారు.

నాజిమ్ హిక్మెత్‌ని చెప్పింది ఒక పెద్దాయన, కవి. తెలుగులో కవిత్వం చదివేవాళ్లకి హిక్మెత్ పరాయివాడు కాదు, జైలు కవితలు మనం ఎప్పటినుంచో చదువుకుంటున్నాం. "అవి కాదయ్యా, పెద్ద కావ్యం చదువు," అన్నారాయన. బుర్సా జైల్లో ఉండగా రాసిన 'మన దేశపు మానవ దృశ్యాలు' అన్న ఆ కావ్యం ఆసియా ఒడ్డున హైదర్‌పాషా రైల్వేస్టేషన్ మెట్ల మీద, 1941 వసంతంలో మొదలవుతుంది. మెట్లు నేరుగా నీళ్ల వైపు దిగుతాయి. హిక్మెత్ ఆ నీటికి వీపు తిప్పి, మూడో తరగతి బండి ఎక్కే ఖైదీలనీ కూలీలనీ సిపాయిలనీ ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలుస్తాడు. వెనకాల ఇంకో బండిలో డబ్బున్నవాళ్లు భోజనాల పెట్టెలో కూర్చుని బయల్దేరతారు. మిగతా ముగ్గురూ నీటి వైపే చూశారు కదా, వాళ్లని చదివాక ఈ కావ్యంలోకి వస్తే పక్కకి ఒరిగిపోతున్న పడవ నిలదొక్కుకుంటుంది. నలుగురిలో చివరగా చదవాల్సింది ఆయన్నే. పెద్దాయన ఆ సంగతి ముందే ఊహించి చెప్పారో ఏమో, ముందు ఎవరెవరిని చదివానో అడిగి తెలుసుకున్నాకే ఈ పేరు చెప్పారు.