పొమ్మనే హక్కు ఏ భాషలో?

1968 ఏప్రిల్ 20న మెక్సికోలోని కుయెర్నవాకాలో ఇవాన్ ఇల్లిచ్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఎదురుగా కూర్చున్నది వేసవి సెలవుల్లో మెక్సికో పల్లెల్లో సేవ చేయాలనుకున్న అమెరికా విద్యార్థులు. చూడటానికి రండి, చదువుకోవడానికి రండి, సహాయం చేయడానికి మాత్రం రావద్దని వాళ్ల ముఖం మీదే చెప్పాడు.

చాలీచాలని పల్లె బడికి విదేశం నుంచి వలంటీరు టీచరుగా వెళ్లడం మంచిపనే అనుకునేవారు ఈ ఉపన్యాసం తప్పక చదవాలి. భాష రానివాడికి తాను చేస్తున్నదేమిటో, ఊరు తన గురించి ఏమనుకుంటోందో తెలియదని ఇల్లిచ్ వాదన. పేదల మధ్యే పనిచేయాలనుకుంటే, నచ్చకపోతే పొమ్మని చెప్పగలిగే మీ దేశపు పేదల దగ్గరికే వెళ్లండి అన్నాడు. పంతులును గీటురాయి మీద పెట్టే మాట ఇది. "అర్థం కాలేదు సార్" అని పిల్లవాడు అనలేని తరగతిలో ఎంత చెప్పినా పాఠం చెప్పినట్టు కాదు.

ఈ వాదనను మనం ఇంకొక అడుగు ముందుకు తీసుకెళ్లాలి. కుయెర్నవాకాలో ఇల్లిచ్ నడిపిన కేంద్రం బయటివారికి నేర్పిన భాష స్పానిష్. నహువాటల్, త్సోత్సిల్ మాట్లాడే ఆదివాసీ ఊళ్లకు స్పానిష్ కూడా బయటి భాషే. మన కోయ, కువి పిల్లలకు తెలుగు ఎలాగో అలాగే. విదేశీయుడిని ఆపినంత మాత్రాన ఆ పిల్లవాడికి మాట రాదు. పట్నం నుంచి వచ్చిన స్వదేశీ పంతులు ముందు కూడా నోరు మెదపలేడు.

కాబట్టి పంతులు ఎక్కడి నుంచి వచ్చాడన్నది రెండో ప్రశ్న. ఉండమనో పొమ్మనో ఊరు తన సొంత మాటలో అతనికి చెప్పగలదా అన్నది మొదటి ప్రశ్న. మన్యం బడులకు వచ్చే ప్రతి పంతులునూ, డైట్ చదివిన మనల్ని కూడా, దీనితోనే కొలవాలి.